చేతులు బానే తీశావు గానీ...

మొగల్తూరులో కెమెరా బ్యాగుతో బస్సు దిగితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. "చిరంజీవి గారిల్లా, కృష్ణంరాజు గారిల్లా?" అంటారంతే. నేనెళ్ళింది లేసు అల్లేవాళ్ళ కోసం. కోర్సులో భాగంగా పది నిమిషాల డాక్యుమెంటరీ తియ్యాలి. రెండు రోజుల షూటింగు, ఒక ఇంటర్వ్యూ, ఒక డ్రోన్ షాటు అని కాగితం మీద రాసిచ్చారు. ఎవర్ని తీశామో వాళ్ళకి చూపించాలని మాత్రం అందులో లేదు. నా గొడవంతా దానితోనే.

తీశాను. అరుగు మీద ఒకావిడ, ఆవిడ వేళ్ళు, సూది, దారం, అన్నీ క్లోజప్పులే. పక్కనే రొయ్యల చెరువు. ఏరియేటర్ల హోరు ఆవిడ మాటలు సగం మింగేసింది. ఎడిటింగులో ఆ సగం తీసేసి వేణువు పెట్టాను. క్లాసులో చప్పట్లు, మంచి మార్కులు.

మనసొప్పక లాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆవిడ చివరిదాకా చూసి, "చేతులు బానే తీశావు గానీ బాబూ, ఏజెంటొచ్చి లెక్క కట్టేది తియ్యలేదేం?" అంది.

ఇక్కడి లేసు మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఈ ఆడవాళ్ళని తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడబట్టే వాళ్ళ పని పనిగా లెక్కకి రాదనీ, విదేశాలకెళ్ళే సరుకు అంత చవగ్గా దొరుకుతుందనీ అందులో ఆమె వాదన. నా క్లోజప్పులూ వేణువూ చేసిందీ అదే. ఆవిడ కష్టాన్ని తీరికలా చూపించాను.

స్టూడెంట్ సినిమాకి ఇంత రాద్ధాంతమెందుకు, ముందు క్రాఫ్టు నేర్చుకోనీండి అంటారు. క్రాఫ్టంటే ఇదే కదండీ! కట్ ఎక్కడ చేశాను, ఏం దాచాను అన్నది ఆవిడ అడిగేదాకా నాకే తెలీదు. 1922 నాటి 'నానూక్' కోసం ఫ్లాహర్టీ ఆ మంచులోకి ఫిల్ము కడిగే సామాను, ప్రొజెక్టరు మోసుకెళ్ళి, తీసినది అక్కడివాళ్ళకి వేసి చూపించాడు. (అందులో చాలా సీన్లు చెప్పి చేయించినవే, ఆయన్నేం ఋషిని చెయ్యక్కర్లేదు.) మన జేబులో ఫోనుంది. అయినా చూపించం. అడుగుతారని భయం.

ఏజెంటు కోసం నాలుగు రోజులు కాచుకున్నాను. వచ్చాడు, కెమెరా చూసి వెనక్కి తిరిగాడు. ఆ వారం సరుకు ఆవిడ దగ్గరే ఉండిపోయింది. నా వల్లే. అదీ సినిమాలో పెట్టాను, ఏరియేటర్ల హోరుతో సహా. మార్కులు వేసేశారు కాబట్టి కాలేజీవాళ్ళు మళ్ళీ చూడరట. ఆవిడకి చూపించడానికి శనివారం వెళ్తున్నాను.