ఊసరవెల్లికి అద్దాల గది వద్దండీ

సెలవులు వచ్చాయంటే పిల్లలు ఏ జీవిని ఇంటికి మోసుకొస్తారో తల్లికే తెలియదు. కుక్కపిల్ల, చేపల తొట్టె అయిపోయాయి. ఇప్పుడు కొత్త మోజు ఊసరవెల్లి. ఫోన్లో వీడియోలు చూసి "అమ్మా, మనమూ పెంచుకుందామే" అని అడిగే పిల్లలు మా ఏలూరులోనూ తయారయ్యారు. దీని మీద నా మాట ఒకటే. అది ఆరోగ్యంగా ఉండాలంటే దాని ఇల్లు మన దడిలోనే ఉండాలి, మన గదిలో కాదు.

ముందు చట్టం సంగతి. మన దేశపు ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టుకోవడం, పెంచడం, అమ్మడం నేరం. రామచిలుకను పంజరంలో పెట్టినా, నక్షత్ర తాబేలును తొట్టెలో వేసినా అంతే. యెమెన్ జాతి లాంటి విదేశీ ఊసరవెల్లి ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

చట్టం పక్కన పెట్టినా, దాని అవసరాలు వింటే మనకే గుండె జారుతుంది. గిన్నెలో నీళ్ళు పోస్తే చాలావరకు తాగదు, ఆకుల మీద జారే చుక్కల్ని నాక్కుంటుంది. కదిలే పురుగును చూస్తేనే నాలుక చాస్తుంది. గాలి ఆడే జాలీ గూడు, ఎక్కడానికి సన్నని కొమ్మలు, ఒక మూల వెచ్చదనం, ఇంకో మూల చల్లదనం, రాత్రి పూర్తి చీకటి ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలకపోతే ఒంటికి కాల్షియం పట్టక ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. ఒకే గూట్లో రెండిటిని పెడితే ఒకదాన్ని చూసి ఇంకొకటి బెదిరిపోతుంది. చేతిలోకి తీసుకుని ముద్దు చేయడం దానికి అస్సలు పడదు.

తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు కొడుకు మెట్ట వైపు జీడిమామిడి తోటలోంచి ఒకదాన్ని తెచ్చి, పాత చేపల తొట్టెలో పెట్టాడు. అన్నం మెతుకులు, పాలలో నానబెట్టిన బ్రెడ్డు వేశాడు పాపం. మూడో రోజుకి అది నల్లబడి, పగలే కళ్ళు మూసుకుని ఉంది. "అత్తా, దీనికి ఆకలి లేదా?" అని అడిగాడు. పగలు కళ్ళు మూసుకోవడం, కళ్ళు లోపలికి పోవడం, ఒళ్ళు నల్లగానే ఉండిపోవడం మంచి లక్షణాలు కావు. తెచ్చిన చోటే వదిలిపెట్టించాం. వాడిది క్రూరత్వం కాదు, ప్రేమే. ఆ ప్రేమకే అది చచ్చిపోయేది.

ఇంకో మాట మనలో మనం అనుకోవాలి. పిల్లాడి మోజు పది రోజులు. తర్వాత పురుగులు తేవడం, ఆకుల మీద నీళ్ళు చిలకరించడం, గూడు కడగడం ఎవరి మెడకు చుట్టుకుంటాయి? వంటింట్లో ఉన్న మనకే. ఏలూరైనా గూడెమైనా ఊసరవెల్లికి వైద్యం తెలిసిన డాక్టరు దొరకడం అంత తేలిక కాదు.

"మరి పిల్లలకు జీవాల మీద దయ ఎలా వస్తుంది?" అంటారు. కొల్లేరు మన పక్కనే ఉంది కదండీ. ఆటపాకలో పెలికాన్‌లను చూపించి తీసుకొస్తాం. ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుందామని ఎవరికైనా తోస్తుందా? ఊసరవెల్లినీ అలాగే చూపించండి. ఒక కన్ను ముందుకి, ఇంకో కన్ను వెనక్కి తిప్పడం, ఒంటికంటే పొడుగ్గా నాలుక చాచడం చూస్తే పిల్లలు ఫోను మర్చిపోతారు. రంగు మార్చడం మోసం కాదనీ, వేడి, భయం, కోపం చెప్పే దాని భాష అదేననీ చెప్పండి. కరిస్తే చస్తామనే మాటా వట్టిదే, దానికి విషం లేదు. ఆ భయంతోనే రాళ్ళు వేసి చంపుతున్నారు.

మనం చేయగలిగిన సంరక్షణ ఖర్చులేనిది. పెరటి దడి మొత్తం నరికేయకుండా ఒక వైపు గుబురుగా ఉంచండి. మొక్కలకు పురుగుమందు కొట్టకండి, అది తినే పురుగులూ పోతాయి. గుడ్లు మట్టిలో పెడుతుంది కాబట్టి దడి మొదట్లో చెత్త తగలబెట్టకండి. దెబ్బ తగిలినది కనిపిస్తే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి. ఈసారి కొమ్మలు కొట్టడానికి మనిషిని పిలిచినప్పుడు, కత్తి పడేలోపు ఒక్క నిమిషం ఆ ఆకుల్లోకి పిల్లల్ని చూడమనండి.