కంటికి కనిపించని కల్మషం

అడవిలో తనంతట తాను మొలిచిన ఆహారం పరిశుద్ధమైనదని మానవుని అనాది విశ్వాసం. ఎరువు వేయలేదు, పురుగుమందు చల్లలేదు, కనుక దోషం లేదని అతడు భావిస్తాడు. ఐరోపా ఖండంలో ఈ విశ్వాసం 1986లో వమ్మయింది.

ఆ సంవత్సరం ఏప్రిల్ 26న, నాటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగవ రియాక్టరు పేలిపోయింది. వెలువడిన రేడియోధార్మిక పదార్థాలు గాలిలో పయనించి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న జర్మనీలోని బవేరియా అడవులపై వానతో పాటు నేలకు దిగాయి. వాటిలో సీజియం-137 దీర్ఘకాలం నిలిచేది. దాని అర్ధజీవితకాలం సుమారు 30 సంవత్సరాలు. అంటే 2016 నాటికి గాని అందులో సగం నశించలేదు.

సాగునేలలోని బంకమట్టి సీజియాన్ని బంధించి, పైరుకు ఎక్కువగా అందకుండా చేస్తుంది. అడవిలో అట్లు కాదు. రాలిన ఆకులు కుళ్ళి ఏర్పడిన పైపొరలోనే అది నిలుస్తుంది. ఆ పొరలో అల్లుకొన్న శిలీంధ్రపు పోగులు దానిని గ్రహించి పుట్టగొడుగులో కూడబెడతాయి. జాతిని బట్టి, స్థలాన్ని బట్టి ఈ మోతాదు ఎంతో మారుతుంది. రంగు, రుచి, వాసన మాత్రం మారవు. ఉన్నదో లేదో పరికరమే చెప్పాలి.

జర్మనీలో కిలోకు 600 బెకరెల్‌లకు మించి సీజియం ఉన్న అడవి పుట్టగొడుగులను అమ్మరాదు. 2011 నాటి ఫుకుషిమా ప్రమాదం తరువాత, జపాన్ 2012లో సాధారణ ఆహారానికి 100 బెకరెల్‌ల పరిమితిని విధించింది. ఇట్టి నియమాలు అంగడిలో కొనేవానిని కాపాడగలవే గాని, అడవిలో ఏరుకొని తినేవానిని కాపాడలేవు. బెలారస్, ఉక్రెయిన్ పల్లెలలోని పేదలకు పుట్టగొడుగులు వేడుక వంటకం కాదు, నిత్యాహారంలో భాగం. ‘తినరాదు’ అన్న హెచ్చరిక ఆకలిని తీర్చదు.

కనుక నిషేధం ఒక్కటే చాలదు. ఆహారాన్ని పరీక్షించే సౌకర్యం పల్లెకు చేరువలో ఉండాలి. ఏ అడవిలో, ఏ జాతిలో ఎంత సీజియం ఉన్నదో బహిరంగంగా ప్రకటించాలి. ఉడికించిన నీటిని పారబోస్తే అది కొంత తగ్గుతుందన్న చిన్న విషయం కూడా వంటింటికి చేరాలి. అదే సమయంలో భయమూ మితిమీరరాదు. అరుదుగా, కొద్దిగా తినడానికీ, ప్రతిదినం తినడానికీ ఎంతో భేదం ఉన్నది.

అడవి చేసిన అపరాధం ఏదీ లేదు. మానవుని పొరపాటును అది మౌనంగా మోస్తున్నది. కంటికి కనిపించని కల్మషాన్ని కొలిచి చూపడం పాలకుల కర్తవ్యం. తెలిసికొని మెలగడం పౌరుల వివేకం.