కలిపి ఇస్తే నేరమా?

దళిత, ఆదివాసీ హక్కుల కోసం పనిచేసే సంస్థల్లో అత్యధికం చిన్నవి. తాలూకా కేంద్రంలో ఒక అద్దె గది, నలుగురైదుగురు కార్యకర్తలు, అట్రాసిటీ కేసుల కాగితాలతో నిండిన బీరువా. ఇంతే వాటి ఆస్తి. పెద్ద ఫౌండేషన్లకు ఇంగ్లీషులో ప్రతిపాదనలు రాసి పంపే స్తోమత వాటికి లేదు. రెండు మూడు లక్షల చొప్పున వందల చోట్లకు పంచి లెక్కలు చూసుకునే ఓపిక ఆ ఫౌండేషన్లకూ లేదు. అందుకే ఉమ్మడి నిధులు పుట్టాయి. పలువురు దాతలు ఒకచోట సొమ్ము జమచేస్తారు. క్షేత్రం తెలిసిన ఒక సంస్థ దానిని ఊళ్లకు చేరుస్తుంది.

2020 సెప్టెంబరులో పార్లమెంటు తెంపింది సరిగ్గా ఈ గొలుసునే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన ఒక సంస్థ, నమోదైన మరో సంస్థకు నిధులు బదిలీ చేసుకునే వీలు అంతవరకు ఉండేది. ఏడో సెక్షన్‌ను సవరించి ఆ బదిలీని పూర్తిగా నిషేధించారు. పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించారు. బస్తర్‌లో పనిచేసే సంస్థ అయినా విదేశీ విరాళాన్ని స్టేట్ బ్యాంకు ఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాలోనే అందుకోవాలన్నారు. విదేశీ విరాళం పొందడం నిరపేక్ష హక్కు కాదంటూ 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది.

పరాయి దేశపు సొమ్ము మన రాజకీయాలను శాసించకూడదన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఆ సూత్రం మొదట వర్తించవలసింది రాజకీయ పక్షాలకే. విదేశీ కంపెనీకి చెందిన సంస్థల నుంచి విరాళాలు తీసుకుని బీజేపీ, కాంగ్రెస్ రెండూ ఈ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. అప్పుడు మారింది పార్టీలు కాదు, చట్టం. 2016లో ఒకసారి, 2018లో మరోసారి ఫైనాన్స్ బిల్లులో చేర్చి సవరించారు. రెండోసారి ఏకంగా 1976 నుంచే వర్తించేలా, లోక్‌సభలో చర్చ లేకుండా కానిచ్చేశారు. నలభై రెండేళ్ల వెనక్కి వెళ్లి తమను తాము క్షమించుకున్న సభే, మూడేళ్లు తిరగకుండా చిన్న సంస్థల విషయంలో నీతి గుర్తు తెచ్చుకుంది!

ఇది కాగితం మీది నష్టం కాదు. గుజరాత్‌లో 1,589 గ్రామాల్లో అంటరానితనం తీరుతెన్నులను నమోదు చేసిన నవసర్జన్ ట్రస్టు, 2016 డిసెంబరులో విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ రద్దయ్యాక సిబ్బందిని ఇళ్లకు పంపవలసివచ్చింది. ఆ స్థాయి పరిశీలనను ప్రభుత్వ యంత్రాంగం తలపెట్టదు. ఎందుకంటే దానికి వచ్చే జవాబులు ప్రభుత్వానికే ఇబ్బంది.

మరి స్వదేశీ సొమ్ము? కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద ఏటా సుమారు 30 వేల కోట్ల రూపాయలు ఖర్చవుతున్నాయి. సామాజికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతల తగ్గింపు ఏడో షెడ్యూలులోనే ఉంది. కంపెనీలు కలిసి ఖర్చు చేయడానికీ నిబంధనలు అనుమతిస్తాయి. అయినా సింహభాగం విద్యకు, వైద్యానికే పోతోంది. బడికి గది కట్టిస్తే శిలాఫలకం మీద పేరుంటుంది. ఆ బడిలో పిల్లల్ని కులాన్నిబట్టి వేరుగా కూర్చోబెడుతున్నారని కేసు వేసేవారికి సాయపడితే మిగిలేది తలనొప్పి. 2021లో ఎడెల్‌గివ్ ఫౌండేషన్ నేతృత్వంలో వంద సంస్థలకు వంద కోట్లతో గ్రో ఫండ్ ఏర్పడింది గనుక కలిపి ఇవ్వడం మనవారికి చేతకాదనలేం. కొరవడింది ధైర్యం. దానికీ కారణం లేకపోలేదు. భారతీయ దాతలే కలిసి స్వతంత్ర మీడియాకు ఊతమిచ్చేందుకు బెంగళూరులో నెలకొల్పిన సంస్థ కార్యాలయానికి 2022 సెప్టెంబరులో ఆదాయపన్ను అధికారులు వెళ్లారు. సొమ్ము స్వదేశీ అయితే రక్షణ ఉంటుందన్న భ్రమ ఆ రోజుతో తీరిపోయింది.

అమెరికాలోనూ పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. నల్లజాతి మహిళా వ్యాపారులకు గ్రాంట్లు ఇస్తున్న అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్‌ను 2024 జూన్‌లో అప్పీళ్ల కోర్టు అడ్డుకుంది. అందుకు ఆధారం 1866 నాటి పౌరహక్కుల చట్టం. బానిసత్వం నుంచి బయటపడినవారి కోసం చేసిన చట్టమది.

దాతల సొమ్ము ఉద్యమాలను మచ్చిక చేసుకుంటుందన్న అనుమానం వామపక్షాల్లోనూ, దళిత శ్రేణుల్లోనూ ఉంది. అందులో నిజముంది. పోరాటం ప్రాజెక్టుగా మారి, నివేదికల గడువులే ఎజెండా అయిన సందర్భాలు కోకొల్లలు. కానీ 1920లో అంబేద్కర్ ‘మూక్‌నాయక్’ పత్రికకు కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు ఆ కలాన్ని లొంగదీయలేదు. ఎవరు ఇచ్చారన్నదానికన్నా, పంచే కమిటీలో ఎవరు కూర్చున్నారన్నది పెద్ద ప్రశ్న. మహానగరాల్లోని ఉమ్మడి నిధులు దీనికి ఇంకా జవాబు చెప్పవలసే ఉంది.

ప్రభుత్వానికి నిజంగా పారదర్శకతే కావాలంటే మార్గం కష్టమైనది కాదు. నమోదైన సంస్థల మధ్య బదిలీని పునరుద్ధరించి, ప్రతి రూపాయి ఎవరి నుంచి ఎవరికి చేరిందో బహిరంగంగా ప్రకటించమనవచ్చు. కానీ 2022 జులైలో కేంద్ర హోంశాఖ చేసింది ఇందుకు విరుద్ధం. మూడు నెలలకోసారి విరాళాల వివరాలు వెల్లడించాలన్న నిబంధనను తొలగించింది. రద్దయిన లైసెన్సుల జాబితాను, సంస్థల వార్షిక లెక్కలను తన వెబ్‌సైట్ నుంచి తీసివేసింది.