బదిలీ ఉత్తర్వుకు లేని సరిహద్దు బిడ్డల చదువుకేల?

రాయపూర్ రైల్వే కాలనీలలో తెలుగు మాట నిన్న మొన్నటిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలముననే మనవారు పొట్ట చేతబట్టుకొని అచటికి చేరిరి. 1931లో విజయనగరం నుండి రాయపూర్ వరకు రైలుమార్గము పూర్తియైన పిదప ఆ ప్రయాణము మరింత సులువైనది. గ్యాంగులో పార పట్టినవానిని నీదే రాష్ట్రమని ఎవరడిగిరి? నేడు వారి మనుమలు కళాశాల సీటుకో, ఉపకార వేతనమునకో తహశీలు కార్యాలయపు మెట్లెక్కినపుడు మొదట ఎదురగునది ఆ ప్రశ్నయే. పరదేశము పోయినవాడు నివాస పత్రమునకై తిరుగుట వింత కాదు. కేంద్ర ప్రభుత్వపు ఉత్తర్వుపై స్వదేశములోనే ఊరు మారినవాడు పరదేశి యగుట వింత.

చిక్కు ఎక్కడున్నది? రాజ్యాంగములోని 341, 342 అధికరణముల ప్రకారము షెడ్యూల్డు కులముల, తెగల జాబితాలు రాష్ట్రమునకొకటి. ఛత్తీస్‌గఢ్ జాబితాలో మాల, మాదిగ పేర్లు లేవు. జాబితాలో పేరున్న కులమునకు చెందినను, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల తేదీకి కుటుంబము అచట నివసించినట్లు రుజువు చూపవలెను. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన మన తెలుగు విద్యార్థి విషయములోనే, మర్రి చంద్రశేఖరరావు కేసున, సుప్రీంకోర్టు 1990లో ఈ సూత్రమును స్థిరపరచినది. 2018లో మరల ధ్రువపరచినది.

రుజువనగా సాధారణముగా అడుగునది మిసల్, అనగా పాత భూమి బందోబస్తు రికార్డు. సెంటు భూమి యెరుగని గ్యాంగుమన్‌కు మిసల్ ఎక్కడిది? ఆయన పేరు సర్కారు కాగితములలో ఎక్కినది సర్వీసు రిజిస్టరులోనే.

పోనీ స్వస్థలమునకు పోదమన్నను, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుండి తెలుగునాట విద్యాలయ ప్రవేశములలో స్థానికత ప్రధానముగా చదివిన చోటును, నివసించిన చోటును బట్టియే. రాయపూర్‌లో పెరిగిన బిడ్డ అచటను బయటివాడే. రెంటికీ చెడ్డ రేవడి యనిన ఇదియే.

ఛత్తీస్‌గఢ్ దళిత, ఆదివాసి సోదరుల వాటాలో చేయి పెట్టవలెనని మేము కోరుట లేదు. ఆ వాటా వారిది, వారికే చాలుట లేదు. బదిలీపై వచ్చిన కేంద్ర ఉద్యోగుల బిడ్డలకు అదనపు సీట్లు కల్పింపుమనియే మా కోర్కె. ఉద్యోగిని కదలించినది కేంద్రము గనుక ఆ భారమును కేంద్రమే వహింపవలెను.

చేతిలో నున్న హక్కును ముందు వాడుకొనవలెను. 1985 ఫిబ్రవరి 22 నాటి కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ప్రకారము, తండ్రికి స్వరాష్ట్రములో ఇచ్చిన నిజమైన కుల పత్రము చూపినచో, ప్రస్తుత నివాస రాష్ట్రపు అధికారియే బిడ్డకు పత్రము ఇవ్వవచ్చును. అది రాష్ట్ర ప్రభుత్వపు రాయితీలకు చెల్లదు గాని కేంద్ర ఉద్యోగములకు చెల్లును. ఈ సంగతి తెలియక సెలవు పెట్టి శ్రీకాకుళమునకు పరుగెత్తువారు గలరు. దరఖాస్తు నిరాకరించినచో కారణమును వ్రాతపూర్వకముగా కోరవలెను. నోటిమాటపై అప్పీలు చేయుట కష్టము.

1950కి పూర్వము చేరిన కుటుంబములవారు తాతల సర్వీసు రిజిస్టర్ల ధ్రువీకృత నకళ్లకై వెంటనే దరఖాస్తు చేయవలెను. పాత దస్త్రములు కలకాలము నిలువవు. రైల్వే, తపాలా శాఖల మన శాఖా కార్యదర్శులు ఈ దరఖాస్తులను తామే వ్రాసిపెట్టి, రసీదు సంఖ్యలను కార్యాలయ పుస్తకములో నమోదు చేయవలసినదిగా కోరుచున్నాము.