యాది రాసిన సారు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ‘జ్ఞాపకం’ అనే మాట అరుదుగా వినిపిస్తుంది. ‘యాదికొచ్చింది’ అంటారు, ‘యాది మరిచిన’ అంటారు. ఫారసీలో పుట్టి, ఉర్దూ వెంట దక్కనుకు చేరి, ఇక్కడి ఇళ్లలో సొంత మాటై కూర్చున్న పదమది. సామల సదాశివ వార్త దినపత్రికలో వారం వారం తన జ్ఞాపకాలు రాస్తూ ఆ శీర్షికకు ‘యాది’ అని పేరు పెట్టారు. అంతకన్నా సరైన పేరు దొరకదు. ఆయన జీవితమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

1928 మే 11న దహెగాం దగ్గరి తెనుగుపల్లెలో పుట్టారాయన. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. అప్పట్లో నిజాం రాజ్యపు మారుమూల. ఇంట్లో తెలుగు, గూడేల్లో గోండి, కొలామి, ప్రాణహిత దాటితే మరాఠీ, బడిలోనూ కచేరీలోనూ ఉర్దూ. అక్కడ పెరిగిన పిల్లవాడికి ఇన్ని భాషలు చెవిన పడటం విశేషం కాదు. వాటిలో ఏ ఒక్కదాన్నీ పరాయిదనుకోకపోవడం విశేషం. ఉపాధ్యాయుడై, చివరికి జూనియర్ కళాశాల ప్రిన్సిపాల్‌గా విరమించి, ఆదిలాబాద్‌లోనే ఉండిపోయారు. రాజధానికి మకాం మార్చాలనుకోలేదు. ఊరందరికీ ఆయన సదాశివ సారు.

తొలినాళ్లలో ఆయనా అందరిలాగే పద్యాలు అల్లారు. దారి మళ్లించింది ఒక సంపాదకుడు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు, పద్యాలు రాసేవారు చాలామందే ఉన్నారు, ఉర్దూ వచ్చినవాడివి కనుక ఆ సాహిత్యాన్ని తెలుగువారికి పరిచయం చెయ్యమని ఉత్తరం రాశారు. ఎక్కడో అడవి జిల్లాలో ఉన్న కుర్రవాడి చేతిలో ఏముందో దూరాన ఉండి పసిగట్టడం, కూర్చుని ఒక కార్డు ముక్క రాయడం! సంపాదకుడి పని అంటే అదీ. ఈ సంపాదకుడి కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ మాకు ఆ ఉత్తరం గుర్తొస్తుంది. ఇలాంటి ఉత్తరం మేమెన్ని రాశామని ప్రశ్నించుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఉత్తరానికి సదాశివ ఇచ్చిన జవాబు ఒక జీవితకాలం పని. 1908 మూసీ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న హైదరాబాద్ కవి అమ్జద్. ఆయన రుబాయీలను సదాశివ తెలుగు చేశారు. నాలుగు పాదాల్లో ఒక దుఃఖాన్నో ఒక ఎరుకనో ముడివేసే ప్రక్రియ రుబాయీ. 1964లో ఆ అనువాదానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగులో రాశారు, గాలిబ్ మీద పుస్తకం రాశారు.

అయినా ఇవాళ్టి పాఠకులు ఆయనను తలచుకునేది పత్రికా రచయితగానే. డెబ్బయ్యో పడి అటూ ఇటూగా ఉన్న వయసులో ‘మలయమారుతాలు’, ‘యాది’ రాశారు. చేసింది ముచ్చట పెట్టడమే. ఒక హిందుస్తానీ సంగీత ఉస్తాదు గురించి మొదలుపెడతారు, ఆయన ఘరానాలోకి, అంటే గురుపరంపరలోకి వెళ్తారు, మధ్యలో ఒక షేర్, రెండు పాదాల ఉర్దూ కవిత, తగులుతుంది, దాని అర్థం చెబుతుంటే పాత మిత్రుడొకరు యాదికొస్తారు. దారి తప్పారనుకునేలోపు మళ్లీ రాగం దగ్గరికే తెస్తారు. నెమ్మదిగా సాగే విలంబిత ఖయాల్ పాట నడకా ఇదే గదా! హిందుస్తానీ సంగీతం తెలియని తెలుగువారు కూడా ఆ వ్యాసాలు చదివి రికార్డులు వెతుక్కున్నారు. ఆ సంగీత వ్యాసాల్లోంచి వచ్చిన ‘స్వరలయలు’కే 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. మరుసటి ఏడు ఆగస్టు 7న ఆయన వెళ్లిపోయారు.

ఆయనను కొందరు ‘ప్రాంతీయ రచయిత’ అంటుంటారు, కొంచెం గొంతు తగ్గించి. అలా అనేవారికి ఒక జర్మన్ ముచ్చట చెప్పాలి. జర్మనీలో యోహాన్ పీటర్ హెబెల్ అనే బడిపంతులు ఉండేవాడు. ఆయనా కళాశాల నడిపినవాడే. 1803లో సొంత ప్రాంతపు యాసలో పద్యాలు అచ్చేస్తే మహాకవి గోథే మెచ్చుకుని సమీక్ష రాశాడు. తర్వాత రైతుల ఇళ్లలో మేకుకు వేలాడే పంచాంగానికి సంపాదకుడై, అందులో చిన్నచిన్న కథలు రాశాడు. ఆ పంచాంగపు కథలను జర్మన్లు ఇవాళ్టికీ తమ మంచి వచనంగా చదువుకుంటారు. పంచాంగం కోసం రాసినవి గనుక చిన్నవని అక్కడెవరూ అనలేదు. మనం మాత్రం దినపత్రికలో వచ్చినదాన్ని మరునాటికి పొట్లం కాగితం చేస్తాం.

‘యాది’ పుస్తకంగా నిలిచింది. అలా నిలవనివి ఎన్నో! జిల్లాల్లో పంతుళ్లు, విలేకరులు పాత పత్రికల్లో రాసిన ముచ్చట్లు ట్రంకు పెట్టెల అడుగున చెదలపాలవుతున్నాయి. మంచిర్యాలలో, జగిత్యాలలో, మంథనిలో, నిర్మల్‌లో మీ ఇంట్లో అలాంటి కత్తిరింపులుంటే నకలు తీసి పంపండి. ఏ పత్రికలో, ఏ సంవత్సరంలో వచ్చిందో తెలిస్తే వెనకవైపు పెన్సిల్‌తో రాయండి. తెలియకపోయినా పంపండి, వెతికే పని మాది. వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు వాటికే ఉంచుతున్నాం.