పెంబర్తి రేకు, రఘునాథపల్లి బడి

రఘునాథపల్లి, జనగామ, పెంబర్తి ఒకే రైలుదారి మీది యూళ్ళు. రఘునాథపల్లి బడిలో చదువుకొను బాలుడు హైదరాబాదునకు పోవునపుడెల్ల పెంబర్తి స్టేషను పలకను కిటికీలోనుండి చదువుకొనుచు సాగిపోవును. పాలకురికి సోమనాథుడు, బమ్మెర పోతన తన జిల్లావారని వాడెరుగును. సర్వాయి పాపన్న కోట తన మండలములోని ఖిలాషాపూరున నున్నదనియు నెరుగును. పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మ లేపువారున్నారని వినియే యుండవచ్చును. కాని వానికి తెలిసినది ఆ యూరి పేరు. ఆ యూరి పని కాదు. పెద్దల సంగతియు ఇంతకంటె మెరుగు కాదు.

పేరునకు మాత్రము ఈ మధ్యకాలమున గౌరవములు బాగుగనే లభించినవి. పెంబర్తి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామములను ఎంపిక చేసినపుడు తెలంగాణమునుండి నిలిచిన రెండూళ్ళలో పెంబర్తి యొకటి; రెండవది సిద్ధిపేట జిల్లాలోని చంద్లాపూర్. ఆ యేడే సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము చేతివృత్తులవారికై విశ్వకర్మ పథకమును ఆరంభించినది. నాడు ప్రకటించిన పట్టికలో 18 వృత్తులు కలవు. వడ్రంగి యున్నాడు, కమ్మరి యున్నాడు, కంసాలి యున్నాడు, శిల్పి యున్నాడు. కంచరి పేరు మాత్రము వేరుగా కానరాదు. విశ్వకర్మ సంతతి పంచవృత్తులలో నొకటి, విశ్వకర్మ పేరు పెట్టిన పథకములోనే జారిపోవుట విచిత్రము.

పని యెట్టిదో చూచినగాని ఈ గౌరవముల విలువ తేలదు. ఇత్తడి యనగా రాగియు జింకును కలిసిన లోహము. దాని రేకును కొలతకు కత్తిరించి నిప్పు మీద కాల్చి మెత్తన చేయుదురు. దెబ్బలు తినుకొలది ఇత్తడి బిరుసెక్కును. నడుమ నడుమ మరల కాల్చనిచో పగులును. కాల్చిన రేకును లక్క ముద్ద మీద అదుముదురు. ఆ ముద్ద రేకును కదలనీయదు, అయినను దెబ్బకు లోబడును. ఈ రెండు గుణములును ఒక్కచోట నుండుటయే దాని ప్రయోజనము. వెనుకవైపున మొద్దు ఉలులతో కొట్టి ఉబ్బునెత్తి, మరల త్రిప్పి, ముందువైపున సన్నని ఉలులతో గీతలు తీర్చుదురు. ముగిసిన పిమ్మట వేడి చేసి లక్కను విడిపించి, తోమి మెరుగు పెట్టుదురు. ఇందులో చేర్చిన లోహము లేదు, చెక్కి తీసివేసిన లోహము లేదు. ఆ పలుచని రేకే కొంత సాగి ఏనుగు తొండమైనది, కొంత నిలిచి నేపథ్యమైనది. ఎంత సాగదీసిన తొండమగునో, ఇంకొక దెబ్బ వేసిన చిరుగునో కొలబద్ద చెప్పదు. పనివాని చెవియు, మణికట్టును చెప్పును.

ఈ విద్య కాకతీయుల నాటిదని ఆ యూరి సంప్రదాయము. ఆలయ ద్వారములకును, రథములకును, స్వామివారి వాహనములకును తొడుగులు చేసిన చేతులే నిజాముల కాలమున పాన్‌దానులు, అత్తరుదానులు, వ్రేలాడు దీపములు చేసినవి. పనిముట్లు మారలేదు. అడుగువారు మారిరి, అవసరము మారినది. దానికి తగిన క్రొత్త రూపమును ఆ పనివారు కల్పించుకొనగలిగిరి. పాత బొమ్మను వేయిసారులు తప్పులేక కొట్టగల నేర్పు గొప్పదే. అత్తరు సీసాను ఏమని యెరుగని వంశములో పుట్టి, అత్తరుదానును ఊహింపగలిగిన నేర్పు అంతకంటె గొప్పది.

ఆలయపు పని నేటికిని కలదు. దాని తరువాత పెంబర్తి సరకులో కంటికి విరివిగా కనుపించునది జ్ఞాపిక. ఈ మాట ఉపాధ్యాయులకు విప్పి చెప్పనక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఏ ఉపాధ్యాయుని యింటికి పోయినను బీరువా మీద జ్ఞాపికల వరుస యుండును. ఇచ్చిననాడు చప్పట్లు, మరునాటినుండి దుమ్ము. దానిని ఎవరును వాడరు. అరిగినదని మరల కొనరు. పట్టు కుదురలేదని పనివానికి చెప్పరు. కూడు పెట్టుచున్న వస్తువును తూలనాడుట న్యాయము కాదు. అయినను ఒక చిక్కు కలదు. సభ జరిపించువారు అడుగునది నూరు జ్ఞాపికలు, ఒకే తీరున, ఒకే వారములో, తక్కువ వెలకు. అట్టి బేరమున చేయి యంత్రముతో ఎంతకాలము పోటీ పడగలదు? అచ్చుదిమ్మెతో నొక్కిన రేకును, చేతితో లేపిన రేకును వేదిక మీద ఆనవాలు పట్టువాడెవడు?

వాడుక వస్తువునకు గల బలమును ఒక పరదేశ దంపతులు ఏనాడో గుర్తించిరి. ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా రూపశిల్పులు భారత ప్రభుత్వ ఆహ్వానముపై దేశమంతయు తిరిగి 1958లో ఒక నివేదిక సమర్పించిరి. 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన సంస్థ వెలయుటకు అదియే పునాది. ఈ దేశమున తాము చూచిన వస్తువులలో వారు అగ్రస్థాన మిచ్చినది చెంబునకు. ఎంత నీరు పట్టవలెను, తల మీదనా చంక నా మోయుట, వంచినపుడు ధార యెట్లు పడును, చేతికి తోముట సులువా, నిండుగా నున్నపుడును వట్టిగా నున్నపుడును తూకము నిలుచునా అని వారు ఒక్కొక్క ప్రశ్నయే వేసికొనిరి. వీని కన్నింటికిని చెంబు రూపములోనే సమాధానము కలదు. ఆ సమాధానము ఏ ఒక్కని బుద్ధిలోనో పుట్టినది కాదు. తరతరముల చేతులు దిద్దినది.

ఆ చెంబు తెలుగు ఇండ్లలో పెండ్లి పీటల వద్దకును, పూజగదిలోనికిని తప్పుకొన్నది. స్టీలు గెలిచినది. గెలుచుటకు తగిన కారణములే యుండెను. ఇత్తడి పాత్రకు పులుపు తగిలిన చిలుము పట్టును, కళాయి వేయింపవలెను, దినమును చింతపండుతో తోమవలెను. తోముపని యంతయు ఇంటి యాడువారి మీదనే పడెడిది. పాత కాలమును మెచ్చుకొను వ్యాసములలో ఈ ముక్క సాధారణముగా కానరాదు.

అయినను త్రోవ మూసికొని పోలేదు. పంజాబులో జండియాలా గురు అను ఊరి ఠఠేరాలు ఇత్తడి, రాగి, కంచు పాత్రలు కొట్టువారు. 2014లో యునెస్కో వారి పనిని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినది. గుర్తింపు పత్రము గిరాకిని తెచ్చిపెట్టలేదు. పిమ్మట ఢిల్లీలోని శ్రీరామ్ వాణిజ్య కళాశాల విద్యార్థులు ఆ యూరికి పోయి, నేటి వంటగదికి ఎట్టి పాత్ర తగునో పనివారితో కలిసి ఆలోచించి, పీ-టాల్ అను పేరున అమ్మకమునకు తెచ్చిరి. పీతల్ అనగా హిందీలో ఇత్తడి. పేరులోని చమత్కారము పిల్లలదే. ఈ పనికి పూనుకొన్నవారు విద్యార్థులని రఘునాథపల్లి ఉపాధ్యాయులు గమనింపవలెను.

వాడుకలో నున్న వస్తువు మీదనే లోకము కన్ను పడుననుటకు మరియొక తార్కాణము. 2025 జూనులో ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ మిలాను నగరపు ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులను పోలిన పాదరక్షలను చూపినది. వాని మూలమును పేర్కొనలేదని దేశమున అలజడి పుట్టగా, భారతీయ చేతిపనియే తమకు ప్రేరణయని పిదప ఒప్పుకొన్నది. కొల్హాపురి చెప్పునకు 2019లోనే భౌగోళిక గుర్తింపు కలదు. కాని ఆ చట్టము కాచునది పేరును. ఆ పేరు పెట్టక రూపమును మాత్రము పోలిన వస్తువును అది పట్టుకొనలేదు. రూపమును కాచుటకు 2000 నాటి డిజైనుల చట్టము వేరుగా కలదు. దానిక్రింద నమోదైన క్రొత్త రూపమునకు 10 ఏండ్ల రక్షణ యుండును, మరి 5 ఏండ్లు పొడిగింపవచ్చును. పాత తోరణపు బొమ్మకు అది వర్తింపదు. పెంబర్తి పనివాడు రేపు క్రొత్తగా కల్పించు దీపపు గుడ్డునకు వర్తించును. 2024 నవంబరులో రియాద్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందము, నమోదు కోరువారు తమ డిజైనులో వాడుకొన్న సంప్రదాయ కళలను వెల్లడింపవలెనని అడుగుటకు దేశములకు వీలు కల్పించినది. చట్టముల సంగతి ఇంతటితో చాలును. క్రొత్తది గీయువాడు లేనిదే నమోదు చేయుటకు ఏమియు నుండదు.

గీయుట నేర్పవలసిన చోటు బడి. అక్కడ డ్రాయింగు పీరియడు సంగతి అందరెరిగినదే; పరీక్షలు దగ్గర పడగానే గణితమునకో, ఆంగ్లమునకో ధారపోయుదురు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 తరగతుల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తులవారి వద్ద పని నేర్వవలెనని సూచించినది. విధానము మీద వాదములు ఎన్నియైన నుండవచ్చును. ఈ సూచన వరకు ఎవరికిని నష్టము లేదు. రఘునాథపల్లి మండలములోని బడులకు పెంబర్తి జనగామ కావలనే యున్నది.

పోయి చూచి, ఫోటో తీసికొని వచ్చుట విహారయాత్ర యగును. పిల్లలు ఒక అవసరమును వెంట తీసికొని పోవలెను. బడి గదిలోని బల్బునకు తొడుగు కావచ్చును, కలములుంచు గిన్నె కావచ్చును, గ్రంథాలయము తలుపునకు పిడి కావచ్చును. కొలతలు తీసి, కాగితము మీద గీసి, పనివాని ముందు పెట్టవలెను. ఈ మూల రేకు మడత పడదని, ఈ గీత ఇంత దగ్గరగా వచ్చిన చిరుగునని ఆయన చెప్పును. గీత మార్చుకొని మరల పోవలెను. విజ్ఞానశాస్త్రపు టీచరునకు లోహము బిరుసెక్కుట, మెత్తబడుట అక్కడ ప్రత్యక్షముగా దొరకును. తెలుగు పంతులుగారికి దొరకునది మాటలు. ఒక్కొక్క ఉలికి పేరు కలదు, ఒక్కొక్క దెబ్బకు పేరు కలదు. నిఘంటువులకెక్కని ఆ పదములను పిల్లలు నోటుపుస్తకములలో వ్రాసికొని వచ్చిన, వానిని వాడు చివరి తరముతోపాటు అవి పోకుండ నుండును.

ఖర్చు మాట కూడ ముందుగా తేల్చుకొనవలెను. పిల్లలకు పని చూపిన దినమున పనివానికి సంపాదన యుండదు. ఆ దినపు కూలి లెక్కగట్టి బడి నిధులనుండి ఆయన చేతిలో పెట్టవలెను. శాలువ కప్పి జ్ఞాపిక నిచ్చుట ఆచారమే గాని, ఆ జ్ఞాపిక ఆయన వీధిలో చేసినదే కావచ్చును.