"స్థానిక కళాకారులు" అంటే పేరు లేనోళ్లా?



పోయిన క్రిస్మస్ ముందు నగరంలో ఒక చర్చి గిఫ్ట్ షాపులోకి పోయిన. సిలువలు, కొవ్వొత్తుల పక్కన ఒక అరలో ఇత్తడి ఏనుగులు, గంటలు. చూడగానే గుర్తుపట్టిన, మన ఓఝాల డోక్రా పని. కింద అట్టముక్క మీద రాసి ఉంది: "స్థానిక కళాకారుల చేతిపని." ఎవరు చేసిన్రు అని అడిగిన. కౌంటర్ దగ్గరున్న అక్క మర్యాదగానే మాట్లాడింది. కానీ చేసినోళ్ల పేరు తెల్వదు, ఊరు తెల్వదు. ధర ఒక్కటే తెలుసు.

మీరే చెప్పండి. అదే షాపులో పుస్తకం మీద రాసినోళ్ల పేరుంది. పాటల సీడీ మీద పాడినోళ్ల పేరుంది. ఇత్తడి గంట మీద మాత్రం ఎందుకు లేదు?

ఆ గంట యంత్రంల పడి వచ్చింది కాదు. జైనూర్ మండలం ఉషెగాంలో ఓఝా కుటుంబం మట్టితో అచ్చు చేస్తది. దాని మీద మైనం దారాలు ఒక్కొక్కటే చుడుతది. పైన మళ్ల మట్టి పూసి కాలుస్తది. మైనం కరిగిపోయిన జాగలో మరిగే ఇత్తడి పోస్తది. చల్లారినంక మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికొస్తది. ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ. గోండుల దేవుళ్ల వస్తువులు, గజ్జెలు, నగలు తరతరాలుగా చేసిన చేతులు అవి.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ ఆ చట్టం కాపాడేది సరుకు పేరును. చేసినోళ్లకు ఎంత ముట్టాలెనో అది చెప్పదు.

అసలు దెబ్బ ఇంకోటుంది. "సరుకు పెట్టిపోండి, అమ్ముడైతే పైసలిస్తం" అనే షాపులు చాలా ఉన్నయి. ఇత్తడి, మైనం మాత్రం ముందే కొనాలె కదా! అప్పు ఓఝాది, వడ్డీ ఓఝాది. అమ్ముడుపోకపోతే నష్టం కూడా ఓఝాదే. షాపుకు పోయేదేంది?

"చర్చి సేవ కోసం నడుపుతున్నది, దాన్ని కూడా తప్పుపడతరా?" అని కొందరు అంటరు. సేవ అంటున్నరు కాబట్టే అడుగుతున్నం. 1946లో ఎడ్నా రూత్ బైలర్ అనే మెనొనైట్ మహిళ ప్వెర్టోరికో పోయింది. అక్కడి పేద ఆడవాళ్లు కుట్టిన బట్టలు కొని తెచ్చి, అమెరికాలో తనకు తెలిసినోళ్లకు అమ్మిపెట్టింది. ఆ పనే పెరిగి టెన్ థౌజండ్ విలేజెస్ అయింది, ఫెయిర్ ట్రేడ్ ఉద్యమానికి ఒక మొదలైంది. ఇవాళ ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ నియమం ఏం చెప్తది? చేతిపని చేసేటోళ్లు అడిగితే ఆర్డర్ విలువలో కనీసం సగం, వడ్డీ లేకుండా, ముందే ఇయ్యాలె. అంటే మనం కొత్త కోరిక ఏం కోరుతలేం. చర్చి మనుషులే వేసిన బాటలో నడవమంటున్నం.

అందుకే ఏ షాపుకు పోయినా మూడు ప్రశ్నలు అడగండి. చేసింది ఎవరు, ఏ ఊరు? ఈ ధరలో వాళ్లకు ఎంత? పైసలు ముందిచ్చిన్రా, తర్వాతనా? చర్చి షాపైనా, గుడి ముంగట దుకాణమైనా, సర్కారు ఎంపోరియం అయినా ఇవే ప్రశ్నలు.

ఫోన్ పట్టిన పిల్లలారా, మీ ఊరి పనివాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే పేరు, ఊరు రాసి చీటీ కట్టండి. చీటీ లేకుండా సరుకు ఊరు దాటొద్దు. ఓఝా కొడుకు కొలిమి ఇడిచి కూలికి పోయిన రోజు మన పేన్‌కు గంట ఎవరు పోస్తరు?

జాలితో కొనొద్దు. పేరు పెట్టి కొనండి. జై ఆదివాసీ!